వెలగని ఎల్‌ఈడీ ముందు కూర్చున్న పిల్లలు

పుట్టినరోజుకో, వేసవి సెలవులకో పిల్లలకు ఎలక్ట్రానిక్స్ కిట్ కొనివ్వడం ఇప్పుడు విశాఖలో మామూలైపోయింది. గాజువాకలో అయినా, మధురవాడలో అయినా, వన్ టౌన్‌లో అయినా ఇంటికొచ్చే పెట్టె ఇంచుమించు ఒకటే. బ్రెడ్‌బోర్డు అనే చిల్లుల పలక, గుప్పెడు రంగు వైర్లు, నాలుగైదు రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఒకటో రెండో ఐసీ చిప్‌లు, కొన్ని ఎల్‌ఈడీలు, తొమ్మిది వోల్టుల బ్యాటరీ, బొమ్మలున్న చిన్న పుస్తకం. పిల్లాడో పిల్లో బొమ్మ చూసి అన్నీ గుచ్చి బ్యాటరీ తగిలిస్తారు. ఏమీ వెలగదు. అక్కడి నుంచి చాలా ఇళ్లలో జరిగేది కూడా ఇంచుమించు ఒకటే. పెట్టె అటక మీదికి పోతుంది, లేదా దుకాణానికి తిరిగి వెళుతుంది. కాస్త తెలిసిన పెద్దవాళ్లుంటే పిల్లల చేతిలోంచి బోర్డు లాక్కుని రెండు నిమిషాల్లో సరిచేసి ఇస్తారు. ఈ మూడింటిలో ఏది జరిగినా పిల్లలకు రావలసిన అసలు పాఠం వాళ్ల చేతికి అందదని నా వాదన. ఆ పాఠం ఎల్‌ఈడీ వెలిగినప్పుడు మొదలుకాదు. వెలగనప్పుడే మొదలవుతుంది. ఎందుకంటే, బొమ్మ చూసి వైర్లు గుచ్చడానికి విద్యుత్తు గురించి ఏమీ తెలియక్కర్లేదు. పని చేయని సర్క్యూట్‌లో తప్పు ఎక్కడుందో పట్టుకోవాలంటే మాత్రం, కరెంటు ఎక్కడ బయలుదేరి, దేని గుండా పోయి, ఎక్కడికి చేరుతుందో మనసులో నడిపించి చూడక తప్పదు.

ఒక సర్క్యూట్‌ను దగ్గరగా చూద్దాం. ఇలాంటి కిట్లలో దాదాపు తప్పకుండా ఉండేది ఎల్‌ఈడీని ఆర్పి వెలిగించే ఫ్లాషర్. దాని గుండెకాయ 555 టైమర్ ఐసీ. హాన్స్ కామెన్‌జిండ్ అనే ఇంజనీరు 1971లో దీన్ని రూపొందించాడు, సిగ్నెటిక్స్ అనే అమెరికన్ కంపెనీ 1972లో మార్కెట్లోకి తెచ్చింది. అరశతాబ్దం దాటినా పిల్లల పెట్టెల్లో ఇంకా అదే ఉంది. వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, 47 వేల ఓమ్‌లది ఒకటి, 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఒకటి దానికి కలిపితే, లెక్క ప్రకారం ఎల్‌ఈడీ సెకనుకు సుమారు ఒకటిన్నర సార్లు వెలిగి ఆరాలి. ఇప్పుడు ఒక పాప ఇది అమర్చింది. ఎల్‌ఈడీ వెలిగింది కానీ ఆరడం లేదు. "పని చేయడం లేదు" అంటుంది. నిజంగా పని చేయడం లేదా? ఆ పాప 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ బదులు పక్కనే ఉన్న 0.1 మైక్రోఫారడ్‌ది గుచ్చి ఉండొచ్చు. కెపాసిటర్ విలువ వంద రెట్లు తగ్గితే వేగం వంద రెట్లు పెరుగుతుంది. అంటే ఎల్‌ఈడీ సెకనుకు సుమారు 150 సార్లు ఆరి వెలుగుతోంది. అంత వేగాన్ని మన కన్ను విడదీయలేదు కాబట్టి నిలకడగా వెలుగుతున్నట్టు కనిపిస్తుంది. గదిలో దీపాలార్పి, బోర్డును చేత్తో పట్టుకుని అటూ ఇటూ గబగబా ఊపితే, వెలుగు ఒకే గీతలా సాగకుండా తునకలు తునకలుగా కనిపిస్తుంది. సర్క్యూట్ చక్కగా పని చేస్తోందని, తాను ఎంచుకున్న విలువే వేరని పాప తన కళ్లతో చూస్తుంది. పుస్తకంలోని సూత్రాన్ని పదిసార్లు వల్లెవేసినా రాని అవగాహన ఆ తునకల్లో ఉంది. తండ్రి ముందే కెపాసిటర్ మార్చి ఇచ్చేసి ఉంటే ఆ పాప వాటిని చూసేదే కాదు.

అందుకే "పని చేయడం లేదు" అన్న మాట దగ్గర ఆగిపోకూడదు. అసలు వెలగలేదా, వెలిగి ఆరడం లేదా, కాసేపు పని చేసి ఆగిపోయిందా, బోర్డును కదిపితే వెలుగుతోందా? ఒక్కొక్కటి ఒక్కో చోటికి దారి చూపిస్తుంది. కదిపితే వెలుగుతోందంటే లూజ్ కాంటాక్ట్ అని సగం తేలిపోయినట్టే. కాసేపు పని చేసి మందగించిందంటే బ్యాటరీని అనుమానించాలి. బ్యాటరీ విషయంలో పెద్దలు కూడా మోసపోయే చోటు ఒకటుంది. వాడేసిన తొమ్మిది వోల్టుల బ్యాటరీని ఊరికే మల్టీమీటర్‌తో కొలిస్తే ఎనిమిదో, ఎనిమిదిన్నరో చూపిస్తుంది. బాగానే ఉందనుకుంటాం. కానీ అది అలసిపోయే కొద్దీ లోపలి నిరోధం పెరుగుతుంది, ఏమాత్రం కరెంటు లాగినా వోల్టేజి పడిపోతుంది. ఎల్‌ఈడీకి పది, పదిహేను మిల్లీఆంపియర్లు చాలు కాబట్టి ఎలాగో నెట్టుకొస్తుంది. అదే బ్యాటరీకి చిన్న మోటారు తగిలిస్తే మూలుగు కూడా వినపడదు. కాబట్టి బ్యాటరీని సర్క్యూట్‌కు తగిలించి ఉంచి, పని చేస్తుండగానే కొలవాలి. ఒక కొలత ఏ పరిస్థితిలో తీశామో చెప్పకపోతే దానికి అర్థం ఉండదన్న సంగతి కాలేజీ ప్రయోగశాలలో కూడా చాలామందికి ఆలస్యంగా తలకెక్కుతుంది. ఇక్కడ అది నాలుగో తరగతి పిల్లలకు అందుబాటులో ఉంది.

ఇక అసలు వెలగని సందర్భం. వెతకడానికి పిల్లలు సాధారణంగా ఎంచుకునే పద్ధతి అన్నీ పీకేసి మళ్లీ మొదటి నుంచి గుచ్చడం. ఒక్కోసారి దాంతో పని చేస్తుంది కూడా. కానీ ఎందుకు పని చేసిందో ఎప్పటికీ తెలియదు, రేపు మళ్లీ ఆగిపోతే మళ్లీ పీకడమే. దీనికన్నా మంచి పద్ధతి మధ్యలో కొలవడం. బ్యాటరీ ఒక కొస, ఎల్‌ఈడీ ఇంకో కొస. మధ్యలో ఐసీ. ఐసీకి కరెంటు వచ్చే ఎనిమిదో కాలు, మైనస్‌కు పోయే ఒకటో కాలు, ఈ రెండింటి మధ్య తొమ్మిది వోల్టులు ఉన్నాయా? లేవంటే తప్పు ఐసీకి ముందే ఉంది, ఎల్‌ఈడీ వైపు చూడక్కర్లేదు. ఉన్నాయంటే బ్యాటరీ, క్లిప్పు, బోర్డు అంచున కరెంటు పంచే పక్క వరుసలు అన్నీ మంచివేనని తేలింది. అప్పుడు ఎల్‌ఈడీకి వెళ్లే మూడో కాలు చూడాలి. అక్కడ అంకె పెరుగుతూ తగ్గుతూ ఊగుతోందంటే ఐసీ తన పని తాను చేస్తోంది, తప్పు ఎల్‌ఈడీ దగ్గరే. పొడుగు కాలు ప్లస్ వైపు ఉండాలి, తిరగేసి పెడితే వెలగదు. ఊగడం లేదంటే నాలుగో కాలు ప్లస్‌కు కలిపారా, రెండూ ఆరూ ఒకదానికొకటి కలిపారా అని చూడాలి. మల్టీమీటర్ రెండు మూడు వందల రూపాయలకు దొరుకుతుంది. అది లేకపోయినా ఫరవాలేదు. కిట్‌లోని ఇంకో ఎల్‌ఈడీకి వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్ జతచేసి, రెండు వైర్లు తగిలిస్తే అదే టెస్టర్. తొమ్మిది వోల్టుల దగ్గర అది ఏడు మిల్లీఆంపియర్లతో హాయిగా వెలుగుతుంది. బ్రెడ్‌బోర్డు మీద ఇంకో చిక్కు ఉంది. ఐసీ నడిమి గాడికి రెండు పక్కలా కాళ్లు చాపుకుని కూర్చోవాలి. పిల్లలు దాన్ని గాడికి ఒకే పక్కన గుచ్చితే, ఎదురెదురు కాళ్లు ఒకే వరుసలో పడతాయి. ఒక వరుసలోని ఐదు చిల్లులూ లోపల ఒకే రేకుతో కలిసి ఉంటాయి. అంటే ఒకటో కాలూ ఎనిమిదో కాలూ కలిసిపోయి బ్యాటరీ షార్ట్ అవుతుంది, వేడెక్కుతుంది. వేడి తగిలిన వెంటనే క్లిప్పు పీకేయాలన్నది పిల్లలకు మొదటి రోజే చెప్పి ఉంచాలి.

విశాఖలో ఈ వెతుకులాటకు ఊరి గాలి కూడా ఒక కారణాన్ని జోడిస్తుంది. నిరుడు చక్కగా పని చేసిన కిట్ ఈ వేసవిలో తీస్తే ఉలకదు పలకదు. ఎవరూ ఏమీ చేయలేదు. సముద్రం మీది నుంచి వచ్చే గాలిలో కంటికి కనపడని ఉప్పు తుంపర ఉంటుంది. మామూలు ఉప్పు, గాలిలో తేమ 75 శాతం దాటితే నీటిని పీల్చుకుని కరిగిపోతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడ్ అంతకన్నా చాలా తక్కువ తేమలోనే తడిబారుతుంది. అలా లోహం మీద పలచటి ఉప్పునీటి పొర ఒకటి నిలిచిపోతుంది. రాగి తీగ కొసకు ఆకుపచ్చ చిలుము పడుతుంది, బ్యాటరీ పెట్టె స్ప్రింగులకు తుప్పు పడుతుంది, బ్రెడ్‌బోర్డు లోపలి రేకులు మసకబారతాయి. కంటికి వైరు గుచ్చినట్టే ఉంటుంది, కరెంటుకు మాత్రం దారి మూసుకుపోయి ఉంటుంది. వైరు కొసను గరుకు కాగితంతో రుద్ది, స్ప్రింగును పెన్సిలు రబ్బరుతో తోమితే చాలాసార్లు సర్క్యూట్ మళ్లీ లేస్తుంది. తీసి పెట్టేటప్పుడు బ్యాటరీని బయటికి తీసేసి, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో దాస్తే వచ్చే ఏడాది ఈ బాధ తగ్గుతుంది. హైదరాబాదులో కూర్చుని కిట్ పుస్తకం రాసినవాళ్లకు ఈ సంగతి తట్టకపోవచ్చు. తీరంలో ఉండేవాళ్లకు మాత్రం, ఓడల అడుగున జింకు దిమ్మలు ఎందుకు బిగిస్తారో, పోర్టు క్రేన్లకు ఎప్పుడూ రంగు ఎందుకు వేస్తుంటారో అర్థం కావడానికి ఆ ఆకుపచ్చ మచ్చే తొలి మెట్టు.

ఊరి ప్రస్తావన వచ్చింది కాబట్టి వాదనలో ముఖ్యమైన మాట ఇక్కడే చెప్పాలి. 1933లో ఓడరేవు తెరుచుకున్న నాటి నుంచి, 1971లో పునాది పడి 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం దాకా, ఈ ఊరు యంత్రాలను నడిపే ఊరు. యంత్రాలను నడపడమంటే సగం పాలు అవి ఆగినప్పుడు ఎందుకు ఆగాయో కనుక్కోవడమే. ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి. బ్లాస్ట్ ఫర్నేసు పొయ్యి కాదు, ఇష్టమొచ్చినప్పుడు ఆర్పి మళ్లీ వెలిగించుకోవడానికి. దానికి ఖనిజమూ కోకూ ఎడతెగకుండా అందుతూనే ఉండాలి. అలాంటి చోట్ల సరుకు మోసే పొడవాటి కన్వేయర్ బెల్టుల పక్కన, ప్రమాదం జరిగితే లాగడానికి తాడూ, దానికి కట్టిన స్విచ్‌లూ వరసగా ఉంటాయి. ఆ స్విచ్‌లన్నీ ఒకే దారిలో కలిసి ఉంటాయి. ఏ ఒక్కటి తెరుచుకున్నా బెల్టు ఆగుతుంది. ఎలక్ట్రీషియన్ కిలోమీటరు పొడవునా ఒక్కో స్విచ్చూ విప్పుకుంటూ పోడు. సగం దగ్గర కొలుస్తాడు. అక్కడిదాకా కరెంటు వస్తోందంటే తప్పు అవతలి సగంలో ఉంది. మళ్లీ అందులో సగం. 64 స్విచ్‌లున్నా ఆరు కొలతలతో తప్పు దొరుకుతుంది. ఫ్లాషర్‌లో ముందు ఐసీ దగ్గర కొలిచే పాప చేసేది సరిగ్గా ఇదే. కంచరపాలెం ఐటీఐలో చేరిన కుర్రాళ్లు నేర్చుకునే పని, డాక్‌యార్డులో ముప్పై ఏళ్లు చేసినవాళ్ల వేళ్లలో ఉన్న పని ఇదే ఆలోచన మీద నడుస్తుంది. ఈ నైపుణ్యంతో బతికే వేల కుటుంబాలున్న ఊళ్లో, అదే నైపుణ్యం పిల్లల చేతిలో మొలకెత్తే సమయానికి బోర్డు లాక్కోవడం నాకు బాధ కలిగిస్తుంది.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం న్యాయమైనదే. చిన్న పిల్లలు నిరుత్సాహపడతారు, ఒకసారి విసుగు పుడితే మళ్లీ కిట్ జోలికే రారు, ముందు గెలుపు రుచి చూపించాలి కదా అంటారు. విద్యా పరిశోధకుడు మను కపూర్ 2008లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. అది మన దేశంలోని 11వ తరగతి సైన్సు విద్యార్థుల మీదే జరిగింది. చలనానికి సంబంధించిన భౌతికశాస్త్ర సమస్యలను కొన్ని బృందాలకు చిక్కుగా, వివరాలు సర్దకుండా ఇచ్చారు. మరికొన్ని బృందాలకు చక్కగా సర్ది ఇచ్చారు. చిక్కు సమస్యలు అందుకున్నవాళ్లు అప్పటికి తడబడ్డారు, వాళ్ల జవాబులు నాసిగానే ఉన్నాయి. కానీ తర్వాత ఎవరికి వారుగా రాసిన పరీక్షలో, సర్దిన లెక్కల్లోనూ చిక్కు లెక్కల్లోనూ వాళ్లే ముందున్నారు. ఆయన దీన్నే ఫలవంతమైన వైఫల్యం అన్నారు. పదకొండో తరగతి పిల్లల సంగతి పదేళ్ల పిల్లలకు యథాతథంగా అంటించకూడదు, ఒప్పుకుంటాను. పైగా తడబడనివ్వడమంటే వదిలేయడం కాదని ఆయన తర్వాతి పరిశోధనల సారాంశం కూడా. తడబాటు తర్వాత వివరణ రావాలి. కాబట్టి నేను కోరేది పిల్లలను గంటల తరబడి ఏడిపించమని కాదు. పక్కన కూర్చోండి, చేతులు మాత్రం బోర్డు మీద పెట్టకండి. "ఇక్కడ ఎన్ని వోల్టులు ఉండాలనుకుంటున్నావు?" అని అడగండి. ముందు ఊహించి చెప్పాక కొలవమనండి. ఊహకూ కొలతకూ తేడా వచ్చిన చోట పిల్లల కళ్లు పెద్దవవుతాయి. విసుగు ముఖంలో కనిపిస్తే ఆ పూటకు ఆపేసి, ఎక్కడిదాకా వచ్చారో కాగితం మీద రాయించండి. మర్నాడు అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

మాకే ఎలక్ట్రానిక్స్ రాదు, పక్కన కూర్చుని ఏం లాభమని ఇంకొందరు తల్లిదండ్రులు అంటారు. తెలియకపోవడం ఇక్కడ పెద్ద లోటేమీ కాదు. జవాబు తెలిసినవాళ్లకు నోరు కట్టుకోవడం కష్టం. తెలియని తల్లి "అదేమిటమ్మా, ఎందుకలా?" అని నిజంగానే అడుగుతుంది, పిల్ల నిజంగానే వివరించాల్సి వస్తుంది. వివరించబోయినప్పుడే తన ఊహలోని బొక్క తనకు కనిపిస్తుంది. తల్లి పట్టుబట్టాల్సిన నియమం ఒక్కటే ఉంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. బ్యాటరీ, ఎల్‌ఈడీ, వైరు మూడూ ఒకేసారి మార్చి వెలిగితే, ఏది చెడిందో తెలియదు, మంచివి కూడా చెత్తబుట్టకు పోతాయి.

ప్రమాదం సంగతి వేరు. అక్కడ రాజీ లేదు. నేను చెబుతున్నదంతా తొమ్మిది వోల్టులు మించని బ్యాటరీలతో నడిచే కిట్ల గురించి. గోడ ప్లగ్గులోని 230 వోల్టుల జోలికి పిల్లలు ఎంత తెలివైనవాళ్లయినా వెళ్లకూడదు. పాత ఫోన్లలోంచి తీసిన లిథియం బ్యాటరీలు కిట్లలో వాడకూడదు, షార్ట్ అయితే మంటలు లేస్తాయి. అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది నాణెంలా ఉండే చిన్న బటన్ సెల్ విషయంలో. పసిపిల్లలు దాన్ని మింగితే, గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపలి కండను కాల్చేస్తుంది. అనుమానం వచ్చినా చాలు, ఇంట్లో చిట్కాలు ప్రయత్నించకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. అన్నయ్య కిట్‌తో ఆడుకునే ఇంట్లో పాకే చెల్లెలు ఉంటే, బటన్ సెల్ ఉన్న కిట్ కొనకపోవడమే మంచిది.

ఇంకో అభ్యంతరం బడి నుంచి వస్తుంది. సిలబస్ పూర్తి కావాలి, మార్కులు రావాలి, తప్పులు వెతుక్కుంటూ కూర్చునే తీరిక ఎక్కడుంది? నీతి ఆయోగ్ కింద అటల్ ఇన్నోవేషన్ మిషన్ 2016 నుంచి ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం టింకరింగ్ ల్యాబులు పెట్టిస్తోంది. ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు. దేశంలో 10 వేలకు పైగా బడుల్లో అవి ఉన్నాయి, మన ఊరి బడులకూ వచ్చాయి. పరికరాలకు కొదవ లేదు. కొరత ఉన్నది మనం దేన్ని మెచ్చుకుంటామన్న దాంట్లో. సైన్సు ప్రదర్శన రోజున బల్ల మీద వెలిగే దీపాలకే చప్పట్లు. అందుకే ముందు రోజు రాత్రి పెద్దల చేతులు ప్రాజెక్టు మీద పడతాయి. ఆ ప్రదర్శనలోనే ఒక బల్ల పని చేయని సర్క్యూట్లకు కేటాయిస్తే ఏమవుతుంది? ఉపాధ్యాయులు కావాలని ఒక్కో బోర్డులో ఒక్కో తప్పు పెట్టాలి. ఒకదాంట్లో ఎల్‌ఈడీ తిరగేసి, ఒకదాంట్లో గోధుమ-నలుపు-ఎరుపు గీతల వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్ బదులు మూడో గీత నారింజ రంగున్న పది వేల ఓమ్‌లది, ఒకదాంట్లో ప్లాస్టిక్ తొడుగు లోపల తెగిన వైరు. పిల్లలు వచ్చి వెతకాలి. తప్పు దొరికిందా లేదా అన్నదానికి సగం మార్కులు, ఏ వరసలో వెతికారో రాసిన కాగితానికి సగం మార్కులు. దీనికి 20 లక్షలు అక్కర్లేదు, పాత బోర్డులు చాలు. రిటైరైన ఉక్కు ఉద్యోగులు, డాక్‌యార్డు ఎలక్ట్రీషియన్లు ప్రతి కాలనీలో ఉన్నారు. ఒక పూట ఆ బల్ల దగ్గర కూర్చోమని అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

చివరిగా, కిట్టే చెడ్డదైతే? అలా కూడా జరుగుతుంది, చవక కిట్లలో తరచుగానే జరుగుతుంది. పుస్తకంలో బీసీ547 ట్రాన్సిస్టర్ బొమ్మ ఉంటుంది, పెట్టెలో మాత్రం 2ఎన్3904 వేస్తారు. చదును ముఖం మన వైపు ఉంచి, కాళ్లు కిందికి పెట్టి చూస్తే మొదటిదానికి ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. రెండోదానికి సరిగ్గా తిరగబడి ఎమిటర్, బేస్, కలెక్టర్. పిల్లలు పుస్తకం చెప్పినట్టే గుచ్చారు, అయినా సరిగా పని చేయదు. తప్పు వాళ్లది కాదు. కానీ ఆ సంగతి తేలాలంటే కూడా ట్రాన్సిస్టర్ మీది చిన్న అక్షరాలను భూతద్దంతో చదివి, పుస్తకంలోని పేరుతో పోల్చి చూడాలి. అప్పుడు దాన్ని అర చుట్టు తిప్పి గుచ్చితే చాలు. అలాగే ఐసీ నిజంగానే కాలిపోయి ఉండొచ్చు. ఎనిమిదో కాలు దగ్గర తొమ్మిది వోల్టులున్నాయి, నాలుగో కాలు ప్లస్‌కు కలిసే ఉంది, రెండూ ఆరూ కలిసే ఉన్నాయి, కెపాసిటర్ మార్చి చూశాం, అయినా మూడో కాలు కదలడం లేదు అని పిల్లలు కాగితం మీద రాశారంటే, ఆ ఐసీ చచ్చిపోయిందని వాళ్లు ధైర్యంగా చెప్పొచ్చు. ఆ కాగితం పట్టుకుని దుకాణానికి వెళితే, మొత్తం పెట్టె మార్చమని అడగక్కర్లేదు. పది, పదిహేను రూపాయలిచ్చి ఒక 555 తెచ్చుకుంటే సరిపోతుంది.